డిక్కీలో బియ్యం బస్తా

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నా పాత కారు డిక్కీలో సబ్‌వూఫర్, అంటే దరువు దద్దరిల్లించే పెద్ద స్పీకరు, పెట్టించాను. ర్యాలీలో నా కారు ముందుండాలి, పాటలో డప్పు వినేవాళ్ల గుండెల్లో మోగాలి, అదీ నా పంతం. జనగామలో స్పీకర్ల దుకాణం అన్న ఎనిమిది అంగుళాలది చాలన్నాడు. నేను పన్నెండుదే కావాలని పట్టుబట్టి, దానికి తగిన ఆంప్లిఫయర్ కూడా బిగించమన్నాను.

పాట పెడితే డప్పుకంటే డిక్కీ మూతే ఎక్కువ మోగింది. అన్న మూత లోపల స్పాంజి అతికించాడు, అంచులకు రబ్బరు దూర్చాడు. గడగడ తగ్గలేదు.

"బండి పాతది, నేనేం జెయ్యాలె?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు స్టేషన్ ఘన్‌పూర్ రోడ్డు మీద వంటావార్పు నిరసన. మా అవ్వ బియ్యం బస్తా ఇస్తానని మాటిచ్చింది. వెనక సీటు నిండా వంట గంజులు.

"సబ్‌వూఫర్ మీద బస్తా ఎట్ల పెడతరే?" అన్నాను.

"పాటతోని కడుపు నిండుతదా? గాడనే పెట్టు."

పెట్టి, మూతను బలంగా అదిమి మూశాను. దారిలో పాట పెడితే గడగడ లేదు, డప్పు ఒక్కటే మోగింది. బస్తా మూతను కదలనివ్వలేదు. రోడ్డు మీదే వండుకుని, తిని, ఖాళీ డిక్కీతో తిరిగొస్తుంటే మళ్లీ గడగడ.

ఆ తర్వాత బస్తా లేకుండా నేను కారు తీయలేదు. చుట్టుపక్కల ఎక్కడ వంటావార్పు జరిగినా ముందు నన్నే పిలిచేవారు. పాటల కోసమే అనుకుని చాలా రోజులు మురిసిపోయాను.