నాన్న ఆపేసిన రికార్డు

మొన్న ఆదివారం నరసరావుపేటలో మా ఇంట్లో అల్లుడు కొత్త రికార్డు ప్లేయరు తెచ్చి బిగిస్తుంటే, ఈ రోజుల్లో కూడా ఇవి కొనేవాళ్లున్నారా అని నవ్వబోయి, బీరువాలో చీరల అడుగున ఉన్న అక్క రికార్డు గుర్తొచ్చి ఆగిపోయాను.

అక్కది కాస్త బరువైన, నిండు గొంతు. మద్రాసులో ఒక చిన్న కంపెనీ వాళ్లు ఆమె చేత రెండు భక్తిగీతాలు పాడించి రికార్డు వేశారు. ఆ మరుసటేడే పచ్చకామెర్లతో అక్క పోయింది. దాచేపల్లి దగ్గర సున్నపురాయి క్వారీలో మేస్త్రీగా చేసే నాన్న, సాయంత్రం ఒంటినిండా తెల్లదుమ్ముతో గురజాలలోని ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కోగానే ఆ పాట పెట్టుకునేవాడు. అది ముగిసేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

కొన్నేళ్లకు మా పాత వాల్వుల యాంప్లిఫయర్ కాలిపోయింది. నాన్న గుంటూరు వెళ్లి ట్రాన్సిస్టర్‌ది కొనుక్కొచ్చి, పాత ప్లేయరుకే తగిలించాడు. పాట మొదలైంది. అక్క గొంతులోని నిండుతనమంతా పోయి, రేకుడబ్బాలోంచి ఎవరో పరాయిపిల్ల పాడుతున్నట్టు పలచగా వినపడింది.

"ఇది నా బిడ్డ గొంతు కాదే," అన్నాడు నాన్న అమ్మతో. "కొత్తది ఉన్నదున్నట్టు వినిపిస్తోంది. రోజూ తిప్పి తిప్పి నేనే అరగదీశా."

"ఇంక పెట్టమాకయ్యా. మిగిలిందన్నా ఉండనీ," అంది అమ్మ.

నాన్న మళ్లీ పెట్టలేదు. బిడ్డ గొంతును తన చేతులతోనే చెరిపేశానన్న దిగులుతోనే కొన్నాళ్లకు కన్నుమూశాడు.

రికార్డు తీసిచ్చి ఇదంతా చెబితే అల్లుడు, ప్లేయరు మార్చకుండా యాంప్లిఫయర్ ఒక్కటే మార్చారా అని అడిగాడు. పాత ప్లేయర్లలో సూది బిగించే క్రిస్టల్ కార్ట్రిడ్జికి ఇంపీడెన్స్, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, చాలా ఎక్కువట. యాంప్లిఫయర్ ఇన్‌పుట్‌కి అంతకంటే ఎక్కువ ఉంటేనే గొంతు నిండుగా పలుకుతుందట. వాల్వుల దానికి ఉండేదది, ట్రాన్సిస్టర్ దానికి లేదు. అందుకే కింది స్వరాలన్నీ దారిలోనే సన్నగిలిపోయాయట. అంటూనే రికార్డు తుడిచి, తన ప్లేయరు మీద పెట్టాడు.

కాస్త గరగర. ఆ వెనకే అక్క, నిండు గొంతుతో.

ఇప్పుడు నా దగ్గరే ఉంటున్న అమ్మ, మంచం మీద లేచి కూర్చుంది. పాట అయ్యేదాకా కదల్లేదు.

"అరగలేదంటనే!" అంది నా చెయ్యి పట్టుకుని. "ఈ మాట మీ నాయనకెవురు చెబుతారే?"

ఇప్పుడు పోయినవాళ్ల గొంతులు అందరి ఫోన్లలోనూ ఉంటున్నాయి; ఎన్నిసార్లు విన్నా తరగవు, భయం లేదు. మా రోజుల్లో ప్రేమగా వినడానికి కూడా భయపడ్డాం. ఆ భయం ఉత్తదేనని తెలిసేనాటికి, వినవలసిన మనిషి లేడు.