కొండ మలుపులో గోవింద

మా ఫ్యాక్టరీ బొంబాయి రోడ్డు మీద ఉండేది. డెబ్బైల తొలినాళ్లలో, కొత్తగా తెప్పించబోయే యంత్రాన్ని నడపడం నేర్చుకు రమ్మని ఇంజనీర్లమైన మా ఇద్దరినీ చెకోస్లొవేకియా పంపారు. గుంటూరు వైపు నుంచి వచ్చినవాణ్ణి నేను. రెండో ఆయన ఫ్యాక్టరీ చుట్టుపక్కలే ఉన్న ఖాజాగూడలో పుట్టి పెరిగినవాడు. ఉద్యోగాలు ఎవరికి దక్కాలన్న గొడవ మీద ఒకసారి వాళ్ల ఉద్యమం, ఒకసారి మా ఉద్యమం నడిచిన రోజులవి. క్యాంటీన్‌లో మా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. పెరిగి పెరిగి, చివరికి మాటే లేకుండా పోయింది.

అలాంటి మమ్మల్ని పరాయి దేశంలో ఒకే గదిలో పెట్టారు. ఉదయం ఇంగ్లీషులో పలకరించుకునేవాళ్లం. తెలుగు మాత్రం ఆవకాయతో పాటు పెట్టెలోనే ఉండిపోయింది. తిరిగొచ్చాక ఇద్దరం ఆ యంత్రానికి చెరో పక్కన నిలబడాలి. ఇవతలివాడు మీట నొక్కే ముందు అవతలివాడు చెయ్యి తీశాడో లేదో కేకేసి అడగాలి. మాట కలవకపోతే చెయ్యి పోతుంది. నా దిగులంతా అదే.

ఒక ఆదివారం శిక్షణ కేంద్రం వాళ్లు స్కీయింగ్‌కని బస్సు పెట్టారు. మంచు మీద నిలబడి ఒక ఫొటో దిగి ఇంటికి పంపుదామని నేను బయల్దేరాను. ఆయన ఎందుకు వచ్చాడో తెలియదు. అడగాలంటే మాట్లాడాలి కదా.

కొండ దారిలో ఒక పక్క మంచు గోడ, ఇంకో పక్క ఏమీ లేదు. ఆ ఏమీ లేని వైపు కిటికీ నాది. డ్రైవరు సిగరెట్టు వెలిగించుకోవడానికి రెండు చేతులూ వాడేవాడు. మలుపు వచ్చినప్పుడల్లా బస్సు వెనుక భాగం ముందు భాగాన్ని దాటిపోవాలని చూసేది.

తిరుమల ఘాట్ రోడ్డు మీద మలుపు వస్తే బస్సంతా ఏం చేస్తుందో మనందరికీ తెలుసు. నన్నడగకుండానే నా నోరు తెరుచుకుంది.

"గోవిందా!"

వెనక సీట్లోంచి అంతకంటే గట్టిగా జవాబొచ్చింది. "గో...విందా!"

ఒకరు అన్నాక రెండోవారు అందుకోకుండా ఉండలేని పిలుపు అది. ఉద్యమాలు దాన్నింకా ముట్టుకోలేదు.

పాపం, డ్రైవరు ఎవరో చచ్చిపోతున్నారనుకుని బ్రేకు తొక్కేశాడు. బస్సు అడ్డంగా జారి, అదృష్టం కొద్దీ మంచు గోడలో మూతి పెట్టి ఆగింది. మాతో వచ్చిన దుబాసీ ఆవిడ పరుగెత్తుకొచ్చి, "ఎవరికి గుండెపోటు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"దేవుణ్ణి పిలిచాం" అన్నాడాయన.

"ఈ దేశంలో డ్రైవర్ని పిలిస్తే చాలు" అందావిడ.

అందరూ దిగి, చక్రాలకు గొలుసులు తగిలించి, బస్సును నెట్టారు. మమ్మల్ని చూసిన చూపులతోనే కొంత మంచు కరిగి ఉండాలి. మిగిలింది ఎండకు కరిగింది. మేం పైకి చేరేసరికి వాలు మీద ఉన్నది మంచు కాదు, నీళ్ల మజ్జిగ. కాళ్లకు కట్టుకుని జారే చెక్కల్లో మంచివన్నీ ఎవరెవరో తీసేసుకున్నారు. మాకు మిగిలినవి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. వాటి మీద జారడానికి వెళ్లి దిగజారాను. ఫొటో తీసేవాడు కూడా నవ్వుతూ కూలబడ్డాడు.

తడిసిన ప్యాంటుతో కూర్చున్న నా పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు.

"ఏంది సారూ, దెబ్బ తాకిందా?"

నెలల తర్వాత విన్న తెలుగు.

"లేదండీ. పరువుకే తగిలింది."

"గీ జారుడుకు గింత దూరం రావాల్నా? చిన్నప్పుడు మా ఖాజాగూడ గుట్టల మీదికెళ్లి జారెటోళ్లం. లాగులు చినిగేటియి గని, గింత పరేషాన్ లేకుండె."

"మీ గుట్ట మీదికి బస్సు లేదు కదండీ."

"ఇగ బస్సు ముచ్చట ఎత్తకున్రి. నా పానం ఇంకా గా మలుపు కాడనే ఉన్నది."

సాయంత్రం బస్సు హారన్ కొట్టింది. ఆ మలుపులు గుర్తొచ్చి నేను ఎక్కనన్నాను. కింది పల్లెలో అందరూ సూపు తాగడానికి ఆగుతారట. అక్కడిదాకా నడిచొస్తానని దుబాసీని బతిమాలాను. ఆయన అప్పటికే సీట్లో కూర్చున్నాడు. తలుపు మూసేలోపు దిగొచ్చాడు.

"ఒక్కలే పోతరా? కాలిరగ్గొట్టుకుంటే రేపు ఆ మిషన్ కాడ నాతోని ఎవరు నిలబడ్తరు?"

బూట్లలో నీళ్లు చప్పుడు చేస్తుంటే దిగడం మొదలుపెట్టాం. మొదటి మలుపు దాటాక క్యాంటీన్ గొడవ నేనే ఎత్తాను. ఇక్కడ ఎత్తకపోతే ఇంకెక్కడా ఎత్తలేననిపించింది.

"మా ఊళ్ల నౌకరీలు మాకు దొరక్కుంటే ఎట్ల సారూ? మీరే చెప్పున్రి."

"నేను పరీక్ష రాసి వచ్చానండీ. ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోలేదు."

"మిమ్ముల అంటలేను. మీ ఎనుక వచ్చెటోళ్లను అంటున్న."

"నా వెనక వస్తున్నది మీరొక్కరేనండీ."

ఆయన నవ్వి, నడక కలిపి పక్కకు వచ్చాడు. కానీ వాదన వదల్లేదు. నేనూ వదల్లేదు. ఆయన చెప్పినవాటిలో కొన్ని నిజమే. నిజమని ఒప్పుకోవడానికి చలి అడ్డమొచ్చింది. నా మాటల్లో ఒకటి రెండింటికి ఆయన కూడా తల ఊపి, చలికి ఊగిందన్నాడు.

పల్లె చేరేసరికి అందరి సూపూ అయిపోయింది. బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. తలుపు దగ్గర నిలబడి దుబాసీ చేత్తో తొందరపెట్టింది. ఆయన ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఆవిడకు తెలుగు రాదన్న సంగతే మరిచిపోయి అన్నాడు.

"జర ఆగమ్మా. ఈ సారుకు ఇంకొక్క మాట చెప్పి ఎక్కుత."