అమ్మ కడుపులో ఆగిపోయిన అన్నం

మాది మలేషియాలోని బటాంగ్ బెర్జుంటై. రెండేళ్ళ క్రితం అమ్మను గర్భసంచి ఆపరేషన్‌కి క్లాంగ్ ఆస్పత్రిలో చేర్చాను. ముందురోజు సాయంత్రం అన్నం పెట్టి, ఇక ఏమీ తినకూడదన్నారు. షుగరున్నా దొంగచాటుగా తీపి తినే మనిషి కదా, అందుకే మాటిమాటికీ "ఏమైనా తిన్నావా?" అని అడుగుతూనే ఉన్నాను.

ఉదయం థియేటర్ తలుపు దగ్గర అమ్మ భళ్ళున వాంతి చేసుకుంది. అన్నీ అన్నం మెతుకులే. ఆపరేషన్ ఆపేశారు.

"దొంగతనంగా ఏటి తిన్నావు? మత్తులో అది ఊపిరికి అడ్డంపడితే సచ్చిపోదువు!" అని అందరి ముందూ అరిచాను.

"నీ తోడమ్మా, నానేటీ తిన్నేదే" అంటూ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. విదిలించేశాను.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి తమిళంలో నెమ్మదిగా చెప్పింది. బాగా భయపడితే మెదడులో పుట్టే హార్మోన్లు నరాల ద్వారా కడుపు కదలికను మందగింపజేస్తాయట. అది నిన్నటి అన్నమేనట.

వారం తర్వాత ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ ఆ ఉదయం నన్ను పట్టుకున్న అమ్మ చెయ్యి ఎంత చల్లగా ఉందో నాకింకా గుర్తే. తిన్నావా అని అన్నిసార్లు అడిగిన నేను, భయమేస్తోందా అని ఒక్కసారీ అడగలేదు.