రాణి దూకని బావి

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో మా ఊరి బయట ఒక బావి ఉంది. నేను పుట్టకముందు, కరువు పనుల్లో తవ్విన బావి అది. అప్పటికి కొత్త కోడలైన మా అమ్మ గంపలతో మట్టి మోసింది. అడుగున బండ తగిలితే మందు పెట్టి పేల్చారు. ఆ పేలుడులో మా పక్కింటాయన చనిపోయాడు. ఆయన కొడుకు పరుపులు కుట్టుకుని బతుకుతాడు. వాళ్లు ముస్లింలు. పరుపులు కుట్టే ఆ కొడుకును నేను మామా అనే పిలుస్తాను.

పోయిన ఎండాకాలం నా తమ్ముడు ఫోన్‌లో ఒక వీడియో పెట్టాడు. వాడు ఆదోనిలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాడు. ఆదోని కోట నుంచి తప్పించుకొచ్చిన రాణి, తురకల సైన్యానికి చిక్కకుండా ఈ బావిలోనే దూకిందని అందులో చెప్పాడు. అంతా వాడి కల్పనే. జనం బైకుల మీద వచ్చి గట్టుకు పసుపు కుంకుమ పెట్టడం మొదలుపెట్టారు.

మామ ఎప్పటిలాగే బావి పక్క బండ మీద దూది ఆరబోసుకున్నాడు.

"రాణిని సంపింది మీవాళ్లే గదా? ఈడ నీకేం పని?" అంటూ ఎవరో దూదిని కాళ్లతో బావిలోకి తోశారు. తండ్రి చచ్చిన చోట ఆయన విన్న మాట అది!

నేను ఆ పూటే బస్సెక్కి తమ్ముడి ఇంటికి పోయాను.

"రాణి యాడ దూకిందిరా? అమ్మ మోసిన మట్టి నీకు తెలీదా?"

"అట్లాంటివి యాడో ఒకసోట జరిగినాయి గదక్కా. ఈడ జరిగిందంటే తప్పేముంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లలకు పాఠం చెప్పే నోరేనా అది!

తర్వాత బావి దగ్గర రాణి పేరుతో బోర్డు పెట్టారు. ఆ రోజు అమ్మ జనంలోంచి లేచి నిలబడింది.

"ఈ బాయి మేము తవ్వినామప్పా. ఈడ సచ్చింది రాణి కాదు, మా పక్కింటన్న. నేను కండ్లారా సూసినా."

తమ్ముడు మైకు అందుకున్నాడు. "మాయమ్మకు వయసైపోయింది. మతి సరిగ్గా ల్యాదు. ఏమనుకోవద్దండి."

జనం జాలిగా నవ్వారు. కన్నతల్లిని పదిమందిలో పిచ్చిదాన్ని చేశాడు. నేను అరిచాను గానీ డప్పుల మోతలో ఎవరికీ వినపడలేదు.

మామ ఇప్పుడు మిద్దె మీద దూది ఆరబెట్టుకుంటున్నాడు. తమ్ముడొస్తే అమ్మ అన్నం పెడుతుంది. నేను ఎదురుపడను.

మామ తండ్రి పేరు కూడా ఆ బోర్డు మీద రాయించమని ఊరిపెద్దలను అడిగాను. "సాక్ష్యమేముందమ్మా?" అన్నారు. అమ్మ బతికే ఉందన్నాను. తలలు తిప్పుకున్నారు. రాణికి సాక్ష్యం ఎవరూ అడగలేదు. మళ్లీ పోయి అడుగుతాను, ఈసారి అమ్మనూ మామనూ వెంటబెట్టుకుని.