నాయనమ్మ మంచం, పెద్దమ్మ సోఫా

మా నాయనమ్మ బతికి ఉండగానే మా పెద్దమ్మ ఆమెను మంచం మీద నుంచి కిందకు దింపించి, ఆ మంచాన్ని కోయించి, వరండాలోకి సోఫా చేయించుకుంది. జరిగింది ఇది. ఇన్నేళ్ళుగా మా వాళ్ళు దీన్ని వేరే రకంగా చెప్పుకుంటూ వచ్చారు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు పెద్దమ్మ పొదుపు గురించి, ఆమె చేతి పనితనం గురించి మనవరాళ్ళకు కథలు చెబుతారు. అందులో సోఫా కథ కూడా ఉంటుంది, నాయనమ్మ మాత్రం ఉండదు. అందుకని నాయనమ్మతో కలిపి నేను రాస్తున్నాను.

దించడం అంటే ఏమిటో తెలియనివాళ్ళకు ముందు చెప్పాలి. మా ఇళ్ళలో మనిషి ప్రాణం మంచం మీద పోకూడదు. పోతే ఆ మంచం ఇంట్లో ఉంచరు, చాకలి తీసుకుపోతాడు. కాబట్టి ఇక ఈ పూట దాటదు అనుకున్నప్పుడు మనిషిని ఎత్తి కింద చాప మీద పడుకోబెడతారు. దాన్నే దించడం అంటారు. ఫలానా ఆమెను దించారంట అని కబురు వస్తే చాలు, చుట్టాలు తింటున్న కంచం ముందు నుంచి లేచి బయలుదేరతారు.

మాది గురజాల దగ్గర పల్లె. అమ్మా నాన్నా నా పసితనంలోనే పోతే నాయనమ్మే నన్ను పెంచింది. నేను చెబుతున్న నాటికి నాకు మీసాలు వస్తున్నాయి, పెదనాన్న అరక నేనే తోలుతున్నాను. బడి గుమ్మం తొక్కింది తక్కువ. తరువాత చదివిందంతా నా అంతట నేను కూడబలుక్కుని చదివిందే.

అవి యుద్ధం రోజులు. గుడ్డకు కంట్రోలు, కిరసనాయిలుకు కంట్రోలు. నాలుగు మేకులు కావాలంటే నరసరావుపేట పోవాలి. అలాంటి రోజుల్లో మా ఇల్లు చూడటానికని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పని కల్పించుకుని వచ్చేవాళ్ళు. పెద్దమ్మ చేతిలో పని ఉంది, లేదని నేను అనను. పగిలిన గాజులను దీపం సెగకు వంచి, ఒకదానిలో ఒకటి గుచ్చి, గొలుసులు చేసి గుమ్మానికి వేలాడదీసేది. పెదనాన్న చిరుగు పంచెలను మోదుగపూల నీళ్ళలో ఉడికించి, పసుప్పచ్చగా తేలాక కిటికీలకు కట్టేది. విరిగిన బండిచక్రం ఆకులను చెక్కించి గోడకు చిలకకొయ్యలు కొట్టించింది. కిరసనాయిలు డబ్బాలకు పిడుగురాళ్ళ సున్నం కొట్టి, జాజు పట్టెలు దిద్ది, వాటిలో కనకాంబరాలు పెంచేది. ఏ వస్తువును చూసినా అది ఇంకేం అవుతుందా అనే చూసేది ఆమె.

ఆ ఇంట్లో లేనిదల్లా సోఫా. ఎదురింటి ఆసామి గుంటూరు నుంచి ఒకటి తెప్పించాడు. పెదనాన్నకూ ఆయనకూ పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు పదవి దగ్గర పోటీ. పేట నుంచి పార్టీ మనుషులు వస్తే కూర్చోవడానికి సుఖంగా ఉందని ఎదురింటి వరండాలోనే కూర్చునేవాళ్ళు. మా వరండాలో ఉన్నది కుక్కి నులక మంచం. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, చేతిలో చాట అట్లాగే పట్టుకుని, ఎదురింటి వంక చూస్తూ ఉండేది.

మా ఇంట్లో మంచి టేకు ఉన్నది ఒక్కచోటే. నాయనమ్మ కాపురానికి వచ్చేటప్పుడు వాళ్ళ నాన్న మాచర్ల అవతల అడవి నుంచి బండి మీద టేకు తెప్పించి చేయించిన పట్టె మంచం. నలుగురు ఎత్తితే గాని లేచేది కాదు. తలాపి పలక మీద రెండు చిలకలు చెక్కి ఉండేవి. వాటిలో ఒకదానికి ముక్కు లేదు. పరుపు కింద ఈ పట్టె నుంచి ఆ పట్టెకు బిగించి అల్లిన నవారు. నేను పుట్టింది కూడా ఆ మంచం మీదేనని నాయనమ్మ చెప్పేది.

ఆ ఏడు చలికాలం నాయనమ్మకు రొమ్ము పట్టేసి జ్వరం వచ్చింది. లేవలేకపోయింది. ఒక పొద్దున నేను గంజి తాగిస్తుంటే పెద్దమ్మ వెంట వడ్రంగి లోపలికి వచ్చాడు. మంచం పొడుగు కొలిచాడు, కోళ్ళ ఎత్తు కొలిచాడు. తలాపి పలకను వేలితో కొట్టి చూశాడు.

“నన్ను కొలుస్తన్నావా, మంచాన్నా?” అంది నాయనమ్మ.

“మంచాన్నే అవ్వా. నిన్ను కొలిచేవాళ్ళు వేరే ఉన్నారు.”

నాయనమ్మ నవ్వబోయింది, దగ్గు తెర అడ్డొచ్చింది. “కోడు వదులైందత్తా, బిగించటానికి” అని పెద్దమ్మ అంది. “ఏ కోడే?” అని నాయనమ్మ అడిగేసరికి ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కొలిచింది ముందు, దించింది తరువాత. చదివేవాళ్ళు ఈ వరస ఒక్కటి గుర్తుంచుకుంటే నాకు చాలు.

తరువాత రెండు మూడు రోజులకే నేను పొద్దుగూకాక అరక తోలుకుని వస్తుంటే, వరసకు బాబాయి అయ్యే మా వీధి ఆయన ఎదురొచ్చాడు. “ఒరేయ్, ఇంత తాపీగా వస్తన్నావేందిరా. మీ నాయనమ్మను దించారంట” అన్నాడు. ఎడ్లను ఆయనకే వదిలేసి పరుగెత్తాను.

ఇంటి నిండా జనం. నాయనమ్మ నాపరాళ్ళ మీద వేసిన ఈత చాపలో వెల్లకిలా పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి, “ఏందిరా అందరూ వచ్చారు, ఎవరి పెళ్ళి?” అంది.

“మాట తెలివి బాగానే ఉందిగా” అని ముప్పాళ్ళ నుంచి వచ్చిన చుట్టాలావిడ మెల్లగా అంది.

“మధ్యాన్నం చూడాల్సింది మీరు. కళ్ళు తేలేసింది. నేను కాబట్టి కనిపెట్టా” అంది పెద్దమ్మ.

తెల్లవారింది. నాయనమ్మ గోంగూర పచ్చడి అడిగింది, అన్నంలో కలిపి పెడితే తిన్నది. కూలి మనుషులను చేలో వదిలేసి వచ్చామని చుట్టాలు గొణుక్కుంటూ, పెద్దమ్మ వండిపెట్టింది తిని, బండ్లు కట్టుకున్నారు. నేను దొడ్లోకి వెళ్ళాను. వేపచెట్టు కింద మంచం బోర్లా పడి ఉంది. పట్టె ఒకటి అప్పటికే రెండు ముక్కలు. రంపం కింద పొట్టు పచ్చగా కుప్ప పడింది. వడ్రంగి నా ముఖం చూసి, “నన్నేందిరా అట్టా చూస్తావు. కొయ్యమన్నారు, కోస్తన్నా” అన్నాడు.

నేను వరండాలో ఉన్న నులక మంచం భుజాన వేసుకుని నాయనమ్మ దగ్గరకు తెచ్చాను. పెద్దమ్మ అడ్డం నిలబడింది.

“దించినవాళ్ళను మళ్ళా ఎక్కించకూడదురా. ఇంటికి అరిష్టం.”

“ఎవరు చెప్పారు?”

“ఒకరు చెప్పేదేందిరా. అందరికీ తెలిసిందే.”

అందరూ అంటే అక్కడున్నది పెదనాన్న. ఆయన తల్లే ఆ కింద పడి ఉన్నది. ఆయన చుట్ట కొస కొరికి ఉమ్మేసి, “ఇయ్యన్నీ ఆడవాళ్ళకు తెలుస్తాయిలేరా” అని బయటికి నడిచాడు. నులక మంచాన్ని పెద్దమ్మ దొడ్లో వేయించి దాని మీద వడియాలు ఎండబెట్టింది.

ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి చూశాను. “ఏమోరా, మా ఇళ్ళల్లో దించినాక బతికినోళ్ళెవరూ లేరే” అన్నారు. నిజమే. ఆ అవసరం పడ్డది మా నాయనమ్మ ఒక్కదానికే.

సోఫా తయారైంది. పెద్దమ్మ దాన్ని సోపా అనేది. నేను ఇప్పటికీ బల్ల అనే అంటాను. చిలకల పలకను వీపు ఆనించుకోవడానికి నిలబెట్టారు. కోళ్ళను పొట్టిగా కోసి కాళ్ళు చేశారు. నాయనమ్మ పరుపు విప్పి, దూది ఏకించి, మెత్తలు కుట్టింది పెద్దమ్మ. మిగిలిన చెక్కతో దేవుడి పటాలకు చట్రాలు కట్టించింది. ఇక నవారు. దాన్ని ఉతికి, ఎర్ర రంగులో ముంచి, ఒక పాత చీరకు చుట్టూ అంచుగా కుట్టి, వరండాకూ నాయనమ్మ పడుకున్న గదికీ మధ్య గుమ్మానికి తెర కట్టింది. బల్ల మీద కూర్చున్నవాళ్ళకు నాయనమ్మ కనిపించకుండా ఉండాలి కదా. నాయనమ్మ చెయ్యి చాపితే ఆ తెర అంచు అందేది. బొటనవేలితో దాన్ని రుద్ది చూస్తూ ఉండేది. ఆ నేత ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

పేట నుంచి పార్టీ మనుషులు మా వరండాకు రావడం మొదలైంది. వాళ్ళలో ఒకాయన చిలకలను తడిమి, “ఏం పనితనం వదినా. గుంటూరుదా?” అన్నాడు.

“గుంటూరెందుకన్నయ్యా. ఇంట్లో ఊరికే పడున్న పాత మంచం. నేనే ఇట్టా చేయించా” అంది పెద్దమ్మ.

తెర వెనక నుంచి నాయనమ్మ గొంతు వచ్చింది. “ఊరికే పడున్నది నేనయ్యా. మంచం మీదనే ఉండేదాన్ని.”

పెదనాన్న నవ్వి, “మా అమ్మ. మతి పోయింది, ఏదో ఒకటి అంటా ఉంటది” అన్నాడు. వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. ఆ సాయంత్రమే నాయనమ్మను చాపతో సహా గాదెల కొట్టులోకి మార్చారు. పెదనాన్న ప్రెసిడెంటు అయ్యాడు. దండలు వేయించుకున్నది ఆ బల్ల మీద కూర్చునే.

నాపరాయి చలికి ఎట్లా ఉంటుందో పల్నాటివాళ్ళకు చెప్పక్కరలేదు. ఒంట్లో వేడి అంతా లాగేస్తుంది. నాయనమ్మ తుంటి దగ్గర పుండు పడింది. చాప కింద వరిగడ్డి పరిచాను. “ఇల్లనుకున్నావా, గొడ్ల చావిడి అనుకున్నావా” అని పెద్దమ్మ ఊడ్పించేసింది. మళ్ళీ పరిచాను, మళ్ళీ ఊడ్పించింది. గోనెసంచులు వేశాను. అవి కాలిపట్టాలు చేయడానికి పనికొస్తాయని తీసుకుపోయింది. చేసింది కూడా. రంగు దారంతో అంచు కుట్టి ప్రతి గుమ్మం ముందూ వేసింది. నాయనమ్మకు తప్ప ఆ ఇంట్లో అందరి పాదాల కిందా మెత్తగా ఉండేది.

వానలు వచ్చి పోయాయి. నాయనమ్మ పోలేదు. మరుసటి ఎండాకాలంలో ఒక రోజు ఇంట్లో వాళ్ళంతా మాచర్ల తిరునాళ్ళకు బండి కట్టారు. గొడ్లను చూసుకోవడానికి నేను ఉండిపోయాను. బండి మలుపు తిరిగిందో లేదో నాయనమ్మ పిలిచింది.

“ఒరేయ్ నాయనా, ఒక్కసారి నా మంచం మీద పడుకోబెట్టరా.”

ఎత్తుకున్నాను. పసిపిల్ల బరువు కూడా లేదు. తీసుకెళ్ళి బల్ల మీద పడుకోబెట్టాను. పొడుగు చాలలేదు, కాళ్ళు మడిచాను. వెడల్పు చాలలేదు, ఒక పక్కకు జారిపోతుంటే మోకాలు అడ్డం పెట్టి కూర్చున్నాను. చెయ్యి వెనక్కి పోనిచ్చి చిలకలను వెతికింది. ముక్కులేని చిలక దగ్గర ఆగింది.

“ఇది నేనే విరగ్గొట్టా. కొత్త కోడల్ని. మీ తాత మీద కోపమొచ్చి రోకలి విసిరా” అంది. ఇంకా ఏదో చెప్పబోయింది. మెత్తలోని తన పరుపు దూదిని పిడికిలితో ఒత్తి చూసింది. నడుం నొప్పికి ముఖం ముడిచింది.

“ఇది నా మంచం కాదురా. దించు” అంది.

ఆ మాట ఆమె నోటి నుంచి రావాల్సి వచ్చిందే అని ఇప్పటికీ నాకు రక్తం ఉడుకుతుంది. తీసుకుపోయి చాప మీద పడుకోబెట్టాను.

పెద్దమ్మకు తెలిసిపోయింది. తిరునాళ్ళ నుంచి వచ్చి తమలపాకు నముల్తూ బల్ల మీద కూర్చున్నదల్లా లేచి, మెత్త మీద నుంచి ఒక తెల్లవెంట్రుక తీసి వెలుతురుకు పట్టుకుంది.

“దీని మీద పడుకోబెట్టావా?” అంది నాతో. “అక్కడే పోయి ఉంటే ఏందిరా నా గతి? చాకలి సోపా కూడా మోసుకుపోడా?”

మెత్తల గలీబులన్నీ ఉడకబెట్టించింది. బల్లకు పసుపునీళ్ళు చల్లింది. గాదెల కొట్టుకు ఆ రోజు నుంచి తాళం, తాళంచెవి ఆమె నడుముకు. నాయనమ్మకు అన్నం పెట్టడానికి కూడా నేను అడుక్కుని లోపలికి వెళ్ళాల్సి వచ్చేది.

ఆ వచ్చిన చలికాలంలో నాయనమ్మ పోయింది. ఒక పొద్దున నేను అన్నం పట్టుకుని వెళ్ళేసరికి చల్లబడి ఉంది. వచ్చి చెప్పాను. పెద్దమ్మ పేడ కలుపుతున్న చేత్తోనే లేచి, “చాప మీదనే ఉందిగా?” అని అడిగింది.

“చాప మీదనే ఉంది” అన్నాను.

“అదే” అని చెయ్యి కడుక్కుంది.

చాకలి చాప చుట్టుకుని పోయాడు. చుట్టాలు మళ్ళీ వచ్చారు, ఈసారి తొందరపడకుండా, దారిలో ఆగి ఆగి. ఆడవాళ్ళు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, తెర అంచు ఎట్లా కుట్టావు వదినా అని అడిగారు. ఆమె చూపించింది.

దినం అయిన మరునాడే నేను ఆ ఇల్లు వదిలాను. నాదెండ్ల దగ్గర ఒకరి మిల్లులో పనికి కుదిరి, మిల్లు గుమాస్తా పాత పేపర్లు పారేస్తుంటే ఏరుకుని చదవడం నేర్చుకున్నాను. తరువాత కర్మకాండ పుస్తకాలు, ధర్మం చెప్పే పుస్తకాలు ఎక్కడ దొరికితే అక్కడ చదివాను. గుంటూరు వెళ్ళినప్పుడల్లా పాత పుస్తకాల బండ్ల దగ్గర వంగి వెతికాను. తెలియనిచోట పంతుళ్ళను అడిగి అర్థం చెప్పించుకున్నాను. మనిషిని ఎప్పుడు దించాలో, తల ఏ దిక్కుకు పెట్టాలో ఉంది. దించినవాళ్ళను మళ్ళీ ఎక్కించకూడదని ఎక్కడా లేదు. బతికితే లేపి మంచం మీద పడుకోబెట్టాలని వేరే రాయాల్సిన పని లేదనుకున్నారేమో.

పెదనాన్నను అడిగితే చివరిదాకా, “మీ పెద్దమ్మను అడుగు” అనే అన్నాడు. ఆమెను అడిగినప్పుడల్లా వంట పనో, చుట్టాలో, తలనొప్పో అడ్డొచ్చేది. చివరకు ఆమె కూడా ముసలిదై, పేటలో కొడుకు ఇంట్లో, ఇనప మంచం మీద దూది పరుపులో కూరుకుపోయి ఉండగా వెళ్ళాను. చుట్టూ మూడు తలగడలు. కోడలు కాళ్ళు పడుతోంది. ఆ పిల్ల ఉండగానే మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. వడ్రంగి కొలతల దగ్గర నుంచి తాళంచెవి దాకా. ఇన్ని పుస్తకాలు చదివానని, ఆ రూలు ఎక్కడా లేదని, ఎక్కడ నుంచి తెచ్చిందో చెప్పాల్సిందేనని అన్నాను. పెద్దమ్మ నా మాట పూర్తిగా వింది. తలగడ సరిచేయమని కోడలికి సైగ చేసింది. తరువాత నా వైపు తిరిగి, చిన్నపిల్లవాడికి లెక్క చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

“రూలేందిరా. ఆ రోజు తెల్లారేలోపు పోద్దనుకున్నాం. పోలేదు. అప్పటికే చెక్క కోసేస్తిమి గదా. మళ్ళా ఎక్కియ్యాలంటే మంచమేది?”