ఐరన్ సిరప్ ఆపిన నలభై రోజులు

మా పాపకి నాలుగేళ్లు. అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని అరగంట కూర్చునేది. ముఖం పాలిపోయిందని అమలాపురంలో పిల్లల డాక్టరుగారికి చూపిస్తే రక్తం తక్కువగా ఉందని ఐరన్ సిరప్ రాశారు. అది పట్టిస్తే విరేచనం గట్టిపడి ఒకటే ఏడుపు. అప్పుడే ఫోన్లో ఒక ప్రకటన చూశాను. పిల్లల మెడ వెనక నుంచి కాస్త జుట్టు కత్తిరించి పంపితే ఒంట్లో ఏ ఖనిజం ఎంతుందో చెబుతారట. సూది గుచ్చక్కర్లేదన్న మాట నాకు నచ్చింది.

రిపోర్టు నిండా రంగు గీతలు. ఐరన్ మరీ ఎక్కువుందని ఆ గీత ఎరుపులోకి పోయింది, జింకు గీత అడుగున ఉంది. బీయస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని, ఆ గీతలు నాకు అర్థమయ్యాయనుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఐరన్ ఆపేసి, వాళ్లు రాసిన జింకు మొదలుపెట్టాను. పాప ఏడుపు మానేసింది. నయమవుతోందనే అనుకున్నాను.

ఒకరోజు మంచం వెనక గోడ సున్నం గోకి తింటూ కనబడింది. నేనూ మా అత్తగారూ డాక్టరుగారి దగ్గరికి పరుగున తీసుకెళ్లాం. రక్తం ముందుకన్నా తగ్గిందన్నారు. భయపడుతూ జుట్టు రిపోర్టు ఇచ్చాను. ఆయన అది చూసి అడిగారు.

"జుట్టుకి ఏం రాస్తారమ్మా?"

మా అత్తగారే చెప్పారు. "గుంటగలగరాకు వేసి నూనె నేనే కాస్తానండి. ఇనప మూకుట్లో."

"ఆ ఇనుమే ఇందులో కనబడిందేమో. ఏదైనా గానీ, దీన్ని చూసి మందులు మార్చకూడదమ్మా."

 ఇంటికొచ్చి అత్తగారు మిగిలిన నూనె పెరట్లో పారబోశారు. తన నూనె వల్లే పిల్ల పాలిపోయిందని రెండు రోజులు సరిగా తినలేదు. ఆ రెండు రోజులూ నేను ఊరుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

మూడోరోజు చెప్పాను. "నూనె వల్ల కాదండి అత్తయ్యగారూ. రిపోర్టు చూసి సిరప్ ఆపింది నేనండి."

"తెలుసు. సీసా తగ్గట్లేదని చూసేను. చదువుకున్నదానివి కదా, తెలిసే చేస్తున్నావనుకున్నాను."

ఇప్పుడు సిరప్ ఆవిడే పట్టిస్తున్నారు, నేను పాప చేతులు పట్టుకుంటున్నాను. వచ్చే నెల మళ్లీ రక్తం చూస్తారు. ఈలోగా రోజూ పాప కింది రెప్ప లాగి చూస్తున్నాను. ఒకరోజు ఎర్రబడినట్టు, ఒకరోజు తెల్లగానే ఉన్నట్టు కనబడుతోంది. నా కళ్లని నేను నమ్మలేకపోతున్నాను.