కప్పుల చేత తీర్పు చెప్పించిన మల్లికార్జున్

కెనడాలో థండర్ బే ఊరికి చదువులకని మన పిల్లలు మిడతల దండులా దిగిన ఏడు అది. బస్టాపులో నిలబడి "ఒరేయ్ చిన్నా" అని పిలిస్తే పదిమంది తలలు తిప్పేవారు, పదకొండోవాడు "ఏరా, గదేమైనా దొరికిందా" అని అడిగేవాడు. మల్లికార్జున్ ఉండే బేస్‌మెంట్‌లో ఒకడు పక్కకి తిరగాలంటే మిగతావాళ్ళంతా లేచి కూర్చోవాలి. కాకినాడ కుర్రాడు కదా, వేడికి తట్టుకుంటాడని అతన్ని ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్ పక్కన పడుకోబెట్టారు. పైగా ఇంటాయన, నెలాఖరుకి ఒక తల తగ్గాల్సిందేనన్నాడు. చివరగా చేరిన తల మల్లికార్జున్‌దే.

సరిగ్గా అప్పుడే విశ్వేశ్వరరావు గారింట్లో గది ఖాళీ అయింది. ఆయన రైలు పెట్టెల కర్మాగారంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. పక్కింటి ఫిన్లాండు ముసలావిడ ఐలా ఆయనకి ఒక జబ్బు అంటించింది. ఆ దేశంలో ఇప్పటికీ రాస్తున్న ఓ స్వరకర్త సింఫనీలు తెప్పించుకోవడం, ఒకే సింఫనీని, వాద్యబృందం ముందు పుల్ల ఊపే ఇద్దరు కండక్టర్లు ఎలా వాయింపజేశారో వెంటవెంటనే వినడం, ఎవరిది గొప్పో తేల్చడం. అద్దెకొచ్చేవాడికి చెవి ఉండాలన్నదే ఆయన షరతు.

"మాది సంగీతం ఇల్లే అంకుల్," అన్నాడు మల్లికార్జున్ బూట్లు విప్పుతూనే. "మా మావయ్య మేడ మీద సాధకం చేస్తే, కింద తోడు వెయ్యకుండానే పాలు పెరుగయ్యేవి."

నిజానికి ఆ మావయ్య సంగీత సభకి కార్యదర్శి. కచేరీలో పాట ఆగి మృదంగం ఒక్కటే మోగే తని మొదలవగానే హాలంతా లేచి కాఫీకి వచ్చేది. ఆ వేళకి గ్లాసులు సర్దడమే చిన్నప్పుడు మల్లికార్జున్ చేసిన సంగీత సేవ.

"అయితే కూర్చో. ఒకే సింఫనీ, రెండు సీడీలు. తేడా చెప్పు, గది నీది," అని విశ్వేశ్వరరావు గారు కళ్ళు మూసుకున్నారు.

మొదటి సీడీలో వయొలిన్లు మంచు రాలినట్టు సన్నగా సాగాయి. మల్లికార్జున్ తొడ మీద ఆదితాళం వేయబోయి, ఎక్కడా అందక, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి గంగాళాలంత డోళ్ళు మోగాయి. అంతే, కాళ్ళు వాటంతటవే లేచి అతన్ని వంటింట్లోకి మోసుకెళ్ళాయి.

అక్కడ ఆయన భార్య సుగుణ గారు ఒక చేత్తో కాఫీ ఫిల్టరు తడుతూ, రెండో చేత్తో అలమరలో కప్పులు అదిమి పట్టుకున్నారు. కప్పులు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి.

"తని అనుకున్నావా?" అన్నారావిడ.

"అలవాటు ఆంటీ."

"మా రాజమండ్రిలోనూ అంతే. వెళ్ళు నాయనా, ఆయన కళ్ళు తెరుస్తారు."

రెండో సీడీలోనూ డోళ్ళు వచ్చాయి, కాళ్ళు మళ్ళీ లేచాయి. సుగుణ గారు కప్పులు పట్టుకున్నారు గాని ఈసారి అవి ఉలకలేదు, పలకలేదు. అతను కాఫీ గ్లాసుతో తిరిగొచ్చేసరికి విశ్వేశ్వరరావు గారి కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఎక్కడికెళ్ళావు?"

ఫర్నెస్ కళ్ళ ముందు మెదిలింది. కాఫీ పొగలు కక్కుతుంటే ఏ అబద్ధమూ అతకదు. "తని వచ్చింది కదా అంకుల్."

"తని వస్తే లేచిపోయేవాళ్ళని చూడలేకే నేను దేశం దాటొచ్చి ఈ మంచులో పడ్డాను. నువ్వు ఇక్కడికీ వచ్చావా? సరే, తేడా ఏమిటో చెప్పి వెళ్ళు."

దారిలో కూడబలుక్కున్న గొప్ప మాటలన్నీ ఆవిరైపోయాయి. "మొదటిదాంట్లో కప్పులు వణికాయి. రెండోదాంట్లో కదల్లేదు."

"ఏ కప్పులు?"

విశ్వేశ్వరరావు గారు వంటింట్లోకి నడిచారు. వాల్యూమ్ ముట్టుకోకుండా, రెండింట్లోనూ డోళ్ళ చోటు మల్లికార్జున్ చేత మళ్ళీ పెట్టించుకున్నారు. రెండోదే గొప్పదని ఆయన ఏళ్ళ తరబడి ఐలాతో వాదిస్తున్నారు. దాంట్లోవి బొమ్మ డోళ్ళని ఆవిడ తీసిపారేస్తోంది. ఇప్పుడు కప్పులతోపాటు సాసర్లు కూడా ఐలా పక్షాన సాక్ష్యం చెప్పాయి.

"ఇవి ఎప్పట్నించి ఊగుతున్నాయి?" అన్నారాయన నీరసంగా.

"మీరు వంటింట్లోకి రావడం మానేసినప్పట్నించి," అన్నారు సుగుణ గారు. "గది ఈ అబ్బాయికే. ఆ మోతప్పుడు కప్పులు పట్టుకోడానికి నాకో మనిషి కావాలి."

ఆయన కాదనలేదు. మల్లికార్జున్ సాయంత్రమే పెట్టె తెచ్చుకున్నాడు. తీర్పు చెప్పమని ఫిన్లాండు నుంచి కబురొచ్చిందని బేస్‌మెంట్‌లో కోతలు కోసి మరీ వచ్చాడు.

ఇప్పుడా ఇంట్లో డోళ్ళు మోగితే అందరికంటే ముందు లేచేది విశ్వేశ్వరరావు గారే. సంగీతాన్ని వంటింట్లో నిలబడి బేరీజు వేయాలంటారు. కాఫీ కూడా అక్కడే తాగేస్తారు.